కానుగపూల అంచు తిప్పలో పడిన రోజు

ఆ రోజుల్లో "ఏం పని చేస్తాండావప్పా" అని ఎవరైనా అడిగితే, ధర్మవరంలో పట్టుచీరల డిజైన్ల కంప్యూటరు చూసుకుంటున్నానని కొంచెం మెడ నిక్కించి చెప్పేవాణ్ణి. అది అబద్ధం కాదు గానీ పూర్తి నిజమూ కాదు. నేను చీరల పని చూసింది తక్కువ, ఆ కంప్యూటరుకు ముస్తాబు చేసింది ఎక్కువ. కొత్తగా బండి కొన్నవాడు దాన్ని నడిపేదానికన్నా హ్యాండిలుకు కుచ్చులు కట్టి, అద్దాలు తుడిచి, నంబరు పలక మీద వాళ్లమ్మ పేరు రాయించుకోవడంలో ఎక్కువ సుఖపడతాడు చూడండి, నాదీ అదే జబ్బు. నాకు బండి లేదు కాబట్టి ఆ జబ్బంతా కంప్యూటరుకు తగిలింది. ఇప్పుడు తలచుకుంటే నవ్వొస్తుంది గానీ అప్పట్లో అది చాలా గంభీరమైన వ్యవహారం.

మాది కనగానపల్లి పక్కన ఒక ఊరు. నాయన వేరుశనగ పెట్టేవాడు, వాన పడితే నవ్వేవాడు, పడకపోతే మాట్లాడేవాడు కాదు. నేను డిగ్రీ ముగించి ధర్మవరంలో ఒక సావుకారు దగ్గర చేరాను. ఆయనకు కింద చీరల అంగడి, పైన మేడ మీద డిజైన్ల గది. అట్టలకు బెజ్జాలు కొట్టి మగ్గం మీద వేలాడదీసే కాలం అప్పటికే వెనకబడుతూ ఉంది. మగ్గం నెత్తిన ఒక కరెంటు పెట్టె కూచుంటుంది, పెన్‌డ్రైవులో డిజైను ఇస్తే ఏ పోగు లేపాలో ఏది దించాలో అదే చూసుకుంటుంది. ఆ డిజైన్లు గీసేది హిందూపురం అక్క. (నాకు వరసకేమీ కాదు, నాకన్నా ముందు చేరింది కాబట్టి అక్క.) ఆమెకు ఇంట్లో కన్నడం, బయట తెలుగు, కోపం వస్తే రెండూ. అక్క గీసినదాన్ని మగ్గానికి అర్థమయ్యేలా మార్చి పెన్‌డ్రైవులోకి ఎక్కించడం నా పని. కంప్యూటరు మాత్రం యునిక్సు జాతిది. బొమ్మల మీద నొక్కితే కొన్ని పనులే అయ్యేవి, మిగతా వాటికి నల్ల కిటికీ తెరిచి ఒక్కొక్క మాటా కొట్టి చెప్పాలి. దాన్ని అలా తయారుచేసి ఇచ్చింది పెనుకొండ సారు. ఆయన కొండ కింద ఒక గదిలో పిల్లలకు కంప్యూటరు చెప్పేవాడు, మా సావుకారుకు పాత స్నేహితుడు, చెడిపోతే వచ్చి బాగుచేసేవాడు.

ఒకరోజు ఆ సారే నా కొంప ముంచాడు. ఏదో బాగుచేస్తూ, మాటల మధ్యలో, "ఈ చుక్కతో మొదలయ్యే ఫైలుండాదే, ఇది మామూలుగా కండ్లకు కనపడదు. నువ్వు కిటికీ తెరిచిన ప్రతిసారీ కంప్యూటరు ముందు దీన్ని చదువుకోని, నువ్వు రాసిండేదంతా చేసి, అప్పుడు నీ ముందరికొస్తాది" అన్నాడు. నాకు ఒళ్లు ఝల్లుమంది. ఇన్నాళ్లూ నేను బాడుగింట్లో ఉన్నాననుకున్నాను, అది నా సొంతిల్లని ఆ క్షణాన తెలిసింది. "ఏందైనా రాయొచ్చా సార్?" అని అడిగాను. "రాయొచ్చు" అన్నాడాయన, "కానీ ఏమిటికి?" ఆయన పద్ధతి అది. ఆ కంప్యూటరులో నాకూ అక్కకూ ఒకటే ఖాతా, ఆయనకు వేరేది ఉండేది, అందులో ఆ ఫైలు ఖాళీ. రంగు లేదు, ముస్తాబు లేదు. భుజాన తువ్వాలొకటి వేసుకొని ఎంత దూరమైనా ప్రయాణమయ్యే మనుషులుంటారే, ఆ కోవ. "యంత్రం ఎట్లుండాదో అట్లనే వాడల్ల. రేపు ఇంగో యంత్రం ముందర కూచుంటే ఏం చేస్తావప్పా?" అనేవాడు. నేను తలూపేవాణ్ణి. ఆయన మెట్లు దిగగానే ఆ చుక్క ఫైలు తెరిచేవాణ్ణి.

ముందు మాటలు మార్చాను. ఆ కంప్యూటరుకు తెలిసిన మాటలన్నీ గొంతులో ముద్ద అడ్డం పడినవాడి మాటల్లా ఉండేవి, రెండక్షరాలు, మూడక్షరాలు. వాటి బదులు మన మాటలు పెట్టుకోవచ్చని తెలిశాక ఆగేదెవరు? ఏమేం ఫైళ్లున్నాయో చూపించడానికి "చూడు". ఇంకో ఫోల్డరులోకి వెళ్లడానికి "పో". ఇక్కడిది అక్కడ పెట్టడానికి "ఎత్తు". ఇక కిటికీ మూసెయ్ అనడానికి "చాలు". (అన్నీ ఇంగ్లీషు అక్షరాలతోనే కొట్టాలి, తెలుగు అక్షరాలు ఆ కిటికీలో ఒకదాని మీద ఒకటి ఎక్కి కూచునేవి.) మామూలుగా కిటికీలో నీ మాట కోసం డాలరు గుర్తు ఎదురుచూస్తుంటుంది. దాన్ని తీసేసి "చెప్పప్పా" అని పెట్టాను. తెలియని మాట కొడితే ఇంగ్లీషులో విసుక్కునేది, దాన్ని "తెలీదప్పా" అనిపించాను. పని పూర్తయితే మామూలుగా అది నోరు మెదపదు, నేను "అయిపాయ" అనిపించాను. మొత్తానికి మా ఊరి రచ్చకట్ట మీద కూచునే మనిషినొకణ్ణి తెచ్చి కంప్యూటరులో పెట్టాను. రంగుల దగ్గరికొచ్చేసరికి అక్క కలగజేసుకుంది. నేను పచ్చ మీద ఎరుపు అక్షరాలు పెట్టుకుంటే ఆమె చూడలేకపోయింది. "ఇదేం కాంబినేషనప్పా, ఎవరు కడ్తారు దీన్ని" అని నన్ను లేపి కూచుంది. చీర మాదిరే చూసింది. ఒళ్లు వంకాయరంగు, అక్షరాలు మామిడిపండు పసుపు. ఆ తర్వాత నేనా కిటికీ తెరిస్తే పెళ్లికి పోయినట్టుండేది, పేరు మాత్రం నల్ల కిటికీయే.

ఇక చెరిపేసే మాట. దానికి "తియ్యి" అని పెట్టాను. మా ఇంట్లో ఆ మాట పొద్దున్నుంచి సాయంత్రం దాకా వినిపించేది. "ఆ ఎంగిలాకు తియ్యి", "ఆ గలీజు తియ్యి" అని మా అవ్వ ఎవరినో ఒకరిని అదిలిస్తూనే ఉండేది. అందుకని నాకు వేరే మాట తోచనే లేదు. అయితే మా అవ్వకు ఇంకో గుణముంది. తీసినదాన్ని పూర్తిగా పారెయ్యదు. అంతా పోయి ఇంటి వెనక తిప్పలో పడాలి. పేడ, కసువు, బూడిద, వేరుశనగ పొట్టు, అన్నీ ఆ తిప్పకే. (తెలియనివాళ్లకు చెబుతున్నాను, పుస్తకాల్లో దిబ్బ అంటారే, దాన్నే మా పక్క తిప్ప అంటాం.) "తిప్పలో యేసింది యాడికీ పోదు, చేనుకే వస్తాది" అనేది. నేనూ అదే పద్ధతి పెట్టాను. "తియ్యి" అంటే ఫైలు నిజంగా చెరిగిపోదు, తిప్ప అనే కనబడని ఫోల్డరులోకి పోయి పడుతుంది. ఎప్పుడైనా కావాలంటే వెతికి తెచ్చుకోవచ్చు. మరి తిప్ప పెరిగిపోదా? దానికీ ఉపాయం చేశాను. మా అమ్మ తెల్లవారి లేస్తూనే వాకిలి ఊడ్చినట్టు, కిటికీ తెరవగానే ముందు ఆ చెత్తనంతా ఊడ్చేసి, ఆ తర్వాతే "చెప్పప్పా" అనమని ఇంకో లైను రాశాను. ఆ లైనులో అడగొద్దు, గొణగొద్దు, ఊడ్చేదేమీ లేకపోయినా నోరెత్తొద్దు అని కూడా ఆజ్ఞాపించాను. ఆ రోజు నన్ను చూసి నాకే ముచ్చటేసింది.

ఇంత చేశాక నోరు ఊరుకుంటుందా? సావుకారు పైకొచ్చినప్పుడల్లా "మన కంప్యూటరుకు తెలుగొచ్చు, తెలుగులో చెప్తే చాలు" అని చెప్పేవాణ్ణి. అక్కకూ అదే చెప్పేవాణ్ణి. ఆమె నల్ల కిటికీ జోలికి వచ్చేది కాదు, ఎలుకతో బొమ్మల మీద నొక్కి పని కానిచ్చుకునేది. "ఒకసారి కొట్టి చూడక్కా, నువ్వు మనసులో ఏమనుకుంటే అదే కొట్టు, అది అర్థం చేసుకుంటాది" అని నేను ఊరించేవాణ్ణి. మనసులో ఏమనుకుంటే అదే అన్నాను చూడండి, అక్కడ ఉంది అసలు సంగతి.

ఆ ఎండాకాలం అక్క ఒక డిజైను మొదలుపెట్టింది. అంతకుముందు ఆమె గీసినవన్నీ పాత చీరల అంచుల్ని చూసి దించినవే, మామిడి పిందెలు, నెమళ్లు, హంసలు. ఇది మాత్రం ఆమె సొంతం. వాళ్లింటి ముందర కానుగ చెట్టు ఉందట. ఎండలు ముదిరేసరికి దాని పూలు రాలి, నేలంతా లేత వంగపండు రంగు పరిచినట్టు ఉంటుందట. ఆ రాలిన పూలతో అంచు గీసింది. ఒక పువ్వు బోర్లా, ఒక పువ్వు పక్కకు, ఒకటి సగం విచ్చుకొని, ఏ రెండూ ఒక్కలా ఉండవు. మగ్గానికి ఇది కష్టం, తిప్పి తిప్పి ఒకటే బొమ్మ అయితే దానికి సులువు. అయినా పూలు రాలేటప్పుడు వరసగా రాలవు కదా అని ఆమె పట్టు. మధ్యాహ్నం మా సద్ది మూటలు విప్పేటప్పుడు కూడా ఒక కన్ను తెర మీదే ఉండేది. సావుకారుకు ఇలాంటివి నచ్చవు. "రాలిపోయిన పూలేందమ్మా, పెండ్లి చీరకు?" అన్నాడు మొదట. చివరికి, "సరే, అయిపోయినాక చూపించు. బాగుంటే మగ్గమెక్కిద్దాం, లేకుంటే మళ్లా నెమలి గీద్దువు గానీ" అన్నాడు. ఒప్పుకోని డిజైను పెన్‌డ్రైవుకు ఎక్కదు, వేరే చోట దాచిపెట్టేదీ ఉండదు. అది ఉన్నదల్లా ఆ కంప్యూటరులోనే. అక్కకు తన చేత్తో తను గీసింది చీరవుతుందా కాదా అన్నది ఆ చూపించే రోజు మీద ఆధారపడి ఉంది. ఆ సంగతి నాకూ తెలుసు.

ఆ రోజు రానే వచ్చింది, నేను మాత్రం ఊళ్లో లేను. కంప్యూటరుకు కొత్త బ్యాటరీ తెమ్మని సావుకారే నన్ను హిందూపురం పంపించాడు. పొద్దున్నే బస్సెక్కాను. కిటికీ పక్క సీటు దొరికింది, పక్కన తలుపుల అనే ఊరి నుంచి వస్తున్న ఒక పెద్దాయన, తలగుడ్డ ఒళ్లో పెట్టుకొని కునుకు తీస్తున్నాడు. పెనుకొండ కొండ కనబడుతుండగా ఫోను మోగింది. అక్క గొంతు.

"తమ్ముడూ, డిజైను యాడుండాది?"

"యాడుంటాదక్కా, పెట్టిన చోటే ఉంటాది."

"లేదప్పా. సావుకారు వచ్చినాడు. కంప్యూటరుకు తెలుగొచ్చంట గదా, తెలుగులో చెప్పి తియ్యమ్మా చూద్దాం అనె. సరేలే అని నీ నల్ల కిటికీ తెరిచి, తియ్యి కానుగ అని కొడితి. అయిపాయ అనె. ఏమయిపాయనో, తెర మీదికి ఏమీ రాలే. మళ్లీ కొడితే ఇంగ్లీషులోకి దిగె."

నాకు విషయం అర్థమయ్యేసరికి బస్సు ఒక గుంతలో పడి లేచింది. అక్క తప్పు ఇందులో ఏముంది? వాకిలి తియ్యి అంటాం, పెట్టె తియ్యి అంటాం, పుస్తకం తియ్యి అంటాం. మా అవ్వ వల్ల నాకు తియ్యడమంటే తీసెయ్యడమే గుర్తుంది. అక్కకు తియ్యడమంటే తెరవడం. మనసులో ఏమనుకుంటే అదే కొట్టమన్నది నేనే. పైగా చూపించమన్నది సావుకారే. పొరపాటు పడినది తెలుగు భాష, దాన్ని పట్టుకొని అడిగేదెవరు?

"ఉండక్కా, ఉండు" అన్నాను.

అవతల టకటకమని చప్పుడు. "ఉండు అని కొట్టినా. తెలీదప్పా అంటాండాది."

"ఎవరక్కా?"

"ఎవరేంది, నీ కంప్యూటరే."

"అక్కా, కొట్టొద్దు. నేను ఉండమనింది నిన్ను."

"నేను ఈడనే ఉన్నా గదప్పా."

"సరే. ఇప్పుడు చూడు."

"చూస్తాండా."

"నువ్వు చూసేది కాదక్కా, చూడు అని కొట్టు."

"నువ్వే గదా కొట్టొద్దంటివి."

పెద్దాయనకు మెలకువ వచ్చింది. "ఏమప్పా, ఎవరిని కొడ్తాండారు? ఆడమనిషినేమో, పాపం" అన్నాడు. "ఎవర్నీ కాదు పెద్దాయనా, కంప్యూటరును" అన్నాను. "దాన్నైతే కొట్టొచ్చులే" అని ఆయన మళ్లీ సర్దుకున్నాడు గానీ ఈసారి కళ్లు మూయలేదు. అక్క అవతల ఫైళ్ల పేర్లు ఒక్కొక్కటే చదువుతోంది, నెమలి, హంస, మామిడి పిందె, పాత హంస. కానుగ లేదు. లేకపోవడమే మంచిది, అంటే నా పద్ధతి ప్రకారం అది తిప్పలో ఉన్నట్టు. ధైర్యం చెబుదామని, "భయం లేదక్కా, అది తిప్పలో ఉండాది" అన్నాను.

అక్క గొంతు మారిపోయింది. "తిప్పలోనా? నేను ఎండాకాలమంతా గీసిండేది తీసకపోయి తిప్పలో యేసినావా?" తర్వాత కన్నడంలో ఏదో అంది. తిప్పను కన్నడంలో తిప్పె అంటారని, మాట దాదాపు ఒకటేనని నాకు ఆ పూటే తెలిసింది. వెనక సావుకారు "ఏమంటాండాడమ్మా" అంటున్నాడు. అక్క ముక్కు ఎగబీల్చింది. నాకు కంగారు పుట్టింది. ఇంకో రెండు మాటలు కొట్టిస్తే డిజైను వెనక్కి వచ్చేస్తుంది, ఇంతలో ఈమె ఏడుపు మొదలుపెడితే ఎలా అని, "చాలక్కా, చాలు, సావుకారి ముందర ఏడవద్దు" అన్నాను.

మళ్లీ టకటక. "చాలు అని కొట్టినా."

"అయ్యో, ఏమిటికి కొడితివక్కా?"

"నువ్వే గదా అంటివి. చాలూ చేస్తే మళ్లా మొదలైతాదనుకుంటి. మోటారు చాలూ జెయ్ అనరా మీ పక్క?"

అంటారు. హిందూపురం పక్క ఇంకొంచెం ఎక్కువ అంటారు. నేను కిటికీ మూయడానికి పెట్టిన మాట ఆమెకు మొదలుపెట్టే మాట. కిటికీ మూసుకుపోయింది. మళ్లీ తెరిస్తే కంప్యూటరు ముందుగా చేసే పని నేను అప్పజెప్పిన ఊడ్పు. అడగదు, గొణగదు. ఆ ఎండాకాలమంతా, బోర్లా పడిన పువ్వూ పక్కకు పడిన పువ్వూ అన్నీ ఒక్క క్షణంలో పోతాయి.

"అక్కా, నీకు దండం పెడ్తా. ఆ కిటికీ ఇంగ తియ్యొద్దు."

అక్క నిదానంగా అడిగింది. "తియ్యొద్దంటే, తెరవొద్దనా, తీసెయ్యొద్దనా?"

"కుర్చీలోంచి లేచి అవతలికి పో అక్కా" అని చెప్పి (పో అని కొట్టడానికి కిటికీ లేదు కాబట్టి ధైర్యంగా చెప్పాను), పెనుకొండలో దూకినంత పనిగా బస్సు దిగాను. పెద్దాయన కిటికీలోంచి తల బయటపెట్టి, "ఆ యమ్మను ఏమనొద్దప్పా" అని హెచ్చరించాడు.

సారు పిల్లలకు పాఠం చెబుతున్నాడు. వాకిట్లో నిలబడి రొప్పుతున్న నన్ను చూసి బయటికొచ్చాడు. చెప్పింది మొత్తం విన్నాడు. నవ్వుతాడనుకున్నాను, నవ్వలేదు. "నా ఖాతాలోంచి పోతే నీ ఊడ్పు జరగదు" అన్నాడు. "నాది ఖాళీ ఇల్లు గదా, ఊడ్సేదానికి ఏముంటాది." పిల్లలకు ఏదో లెక్క ఇచ్చి బండి తీశాడు. (తీశాడంటే ఇక్కడ బయటికి తెచ్చాడని. చూశారా ఈ మాట సంగతి.) ధర్మవరం దాకా దారి పొడుగునా ఆయన ఒకే ఒక్క మాటన్నాడు, అదీ చాలా దూరం పోయాక. "తియ్యి అనే మాట ఎట్ల పెట్టినావప్పా, ఇంగేమీ దొరకలేదా?" నాకు మా అవ్వ సంగతి చెప్పాలనిపించింది గానీ గాలికి నోరు తెరవలేకపోయాను.

మేడ మీద సావుకారు కుర్చీ వేసుకొని కూచొని ఉన్నాడు. అక్క కిటికీ దగ్గర నిలబడి ఉంది, గోడకున్న నిజం కిటికీ దగ్గర. కళ్లు ఎర్రగా ఉన్నాయి. నన్ను చూసి మొహం బయటికి తిప్పుకుంది. సావుకారు మాత్రం "ఏమబ్బా, తెలుగొచ్చంటివి గదా దీనికి" అన్నాడు. సారు తన ఖాతా తెరిచి, "కూచో, నువ్వే ఎతుకు" అని నాకు కుర్చీ ఇచ్చాడు. నల్ల తెర, తెల్ల అక్షరాలు, డాలరు గుర్తు. వంకాయరంగు లేదు, చెప్పప్పా లేదు. నేను "చూడు" అని కొట్టాను. అలాంటి ఆజ్ఞ లేదని ఇంగ్లీషులో అంది. "పో" అన్నాను. అదీ లేదంది. చేతులు కీబోర్డు మీద అలాగే ఉండిపోయాయి. అసలు మాటలు గుర్తు రావడం లేదు. నేను సొంతంగా కట్టుకున్న ఇంట్లో ఎంతకాలం ఉన్నానంటే బయట ఊరిపేరు మరిచిపోయాను. సారు నా చెవి దగ్గరికి వంగి, పరీక్షలో అందించేవాడిలా, "ఎల్, ఎస్" అన్నాడు, నా "చూడు"కు అసలు మాట అదే. సావుకారు వినకూడదని అంత మెల్లగా అన్నందుకు ఆయనకు ఇప్పటికీ రుణపడి ఉన్నాను.

దాగినవాటిని కూడా చూపించమని కొట్టాక మా ఖాతాలోని చుక్క ఫైళ్లన్నీ బయటపడ్డాయి. వాటిలో తిప్ప ఉంది. దాన్ని తెరిస్తే పేర్లు రావడం మొదలై ఆగలేదు. తెర కిందికి పోతూనే ఉంది. చివరన, అన్నిటికన్నా కొత్తగా, కానుగ. అక్క ఒక అడుగు ముందుకేసింది. నాకు సంతోషం కన్నా ముందు ఆశ్చర్యం కలిగింది. రోజూ ఊడ్చే తిప్పలో ఇన్నెలా ఉన్నాయి? ఆ "తియ్యి" పెట్టినప్పటి నుంచి తీసేసినవన్నీ ఉన్నాయి, చెడిపోయిన హంసలు, తోక తెగిన నెమళ్లు, నేను నాయనకు రాసి చెరిపేసిన ఉత్తరం కూడా. సారుకూ అర్థం కాలేదు. నా చుక్క ఫైలును తెర మీదికి తెప్పించి మొదటి నుంచి చదవసాగాడు. ఒక చోట ఆగాడు. అప్పుడు నవ్వాడు, ఆయన అంత నవ్వగలడని నాకు తెలియదు.

"ఏమప్పా," అన్నాడు కళ్లు తుడుచుకుంటూ, "పారేసేది తిప్పలో, ఊడ్సేది దిబ్బనా?"

చూశాను. నిజమే. పారేసే లైను రాసిన రోజు నా మనసులో మా అవ్వ ఉంది, మా ఇంటి వెనక జాగా ఉంది, అందుకని తిప్ప అని రాశాను. ఊడ్చే లైను ఇంకో రోజు రాశాను. ఆ రోజు డిగ్రీ చదివినవాణ్ణి, నాలుగు పుస్తకాల భాష తెలిసినవాణ్ణి అనే గుర్తు ఎందుకొచ్చిందో, శుద్ధమైన తెలుగులో దిబ్బ అని రాశాను. దిబ్బ అనే ఫోల్డరు ఆ కంప్యూటరులో లేనే లేదు. లేకపోయినా నోరెత్తొద్దని చెప్పింది నేనే కాబట్టి అది నోరెత్తలేదు. ఇన్నాళ్లూ రోజూ పొద్దున లేని దిబ్బను బుద్ధిగా ఊడ్చి, వచ్చి, చెప్పప్పా అని నిలబడింది. నేను బస్సులోంచి దూకిందీ, సారు పాఠం ఆపిందీ, అక్క కుర్చీ వదిలి లేచిందీ, అన్నీ లేని చీపురుకు భయపడి. ఆమె ఆ కిటికీ ఎన్నిసార్లు తెరిచినా పువ్వు రేకు కూడా చెదిరేది కాదు.

అక్కకు ఇదంతా విడమరిచి చెప్పేసరికి కొంచెం సేపు పట్టింది. చెప్పాక, "అయితే మీ ఊరి మాటే నా డిజైనును నిలబెట్టిందన్నమాట" అంది. ఆపైన, "ఇంగ ఆ ముచ్చట చాలు" అని, నా చేతుల వైపు అనుమానంగా చూసింది, ఎక్కడ కొడతానో అని. అందరం నవ్వాం. సావుకారు నవ్వలేదు, ఆయన అప్పటికే తెర మీదికి వచ్చిన కానుగపూలను చూస్తున్నాడు. చాలాసేపు చూశాడు. "రాలినట్లే ఉండాయే" అన్నాడు మెల్లగా. "లేత వంగపండు రంగు చీర మీదికి ఈ అంచు ఎక్కించండి. ముందు ఒక చీర నేద్దాం, జనం కడతారో లేదో చూద్దాం." కిందికి దిగుతూ మెట్ల మీద ఆగి నాతో, "బ్యాటరీ యాడ?" అన్నాడు. బ్యాటరీ సంగతి ఆ గదిలో ఎవరికీ గుర్తు లేదు.

ఆ చీర నేశారు. జనం కట్టారు. మొదటి చీర మగ్గం మీది నుంచి దిగిన రోజు అక్క దాన్ని మడత విప్పి, అంచును వేళ్లతో తడుముతూ ఏ పువ్వు ఏ రోజు గీసిందో నాకు చెప్పింది. అంత సంతోషంగా ఉన్న మనిషిని నేను అంతకుముందు దగ్గరి నుంచి చూడలేదు. మర్నాడు ఆమె మొదటిసారిగా నాకు ఒక ఆజ్ఞ వేసింది. "తియ్యి అంటే తెరిచేదిగా మార్చప్పా." మార్చాను. తీసెయ్యడానికి "పారెయ్" అని పెట్టాను. పారెయ్ అంటే ఏ ఊరివాళ్లకైనా ఒకటే.

ఇప్పుడు నేను హిందూపురంలో ఒక ఆఫీసులో ఇలాంటి కంప్యూటర్లనే చూసుకుంటున్నాను. సారు చెప్పినట్టు యంత్రం ఎలా ఉంటే అలా వాడడం నేర్చుకున్నాను. ఎక్కడ కూచోబెట్టినా ఆ రెండక్షరాల మాటలు వేళ్లకు వాటంతట అవే వస్తాయి. అక్క ఇదే ఊళ్లో సొంతంగా డిజైన్ల గది పెట్టుకుంది. అప్పుడప్పుడు ఫోను చేసి, "తమ్ముడూ, తెలీదప్పా అంటాండాది, ఒకసారి వచ్చిపో" అంటుంది. మొన్న పెనుకొండ బస్టాండులో ఒకామె నా ముందు నడుస్తూ పోయింది, చంకలో బిడ్డ, చేతిలో సంచి. అంచు మీద కానుగపూలు, ఒకటి బోర్లా, ఒకటి పక్కకు. అమ్మా, నువ్వు కట్టిన ఈ పూలు ఒకసారి తిప్పలో పడి లేచినవి అని చెప్పాలని నోటి దాకా వచ్చింది. పిచ్చివాడనుకుంటుందని ఊరుకున్నాను. ఆమె బస్సెక్కిపోయేదాకా మాత్రం చూస్తూ నిలబడ్డాను, నా బస్సు పోయింది.

ఇంటికొచ్చి నా సొంత కంప్యూటరు తెరిచాను. ఇది ఆఫీసుది కాదు కాబట్టి ఇక్కడ నేను నా పాత వేషంలోనే ఉంటాను, వంకాయరంగు ఒళ్లు, మామిడిపండు అక్షరాలు. ఎన్ని యంత్రాలు మారినా ఆ చుక్క ఫైలు నాతోనే వచ్చింది. అందులో చాలా లైన్లు దిద్దాను, కొన్ని తీసేశాను. ఆ ఒక్క లైనును మాత్రం, అప్పటి డిగ్రీ కుర్రాడు శుద్ధమైన తెలుగులో రాసిన దాన్ని, ముట్టుకోలేదు. అందుకే ఇప్పటికీ ప్రతి పొద్దునా నా కంప్యూటరు నిద్ర లేచి, ఎక్కడా లేని దిబ్బను శుభ్రంగా ఊడ్చి వచ్చి, "చెప్పప్పా" అంటుంది.